జీపు ఎత్తు పెంచాక వచ్చే తంటాలు: ఎక్కడ మొదలుపెట్టి ఎలా వెతకాలి?

మా పాత జీపుకి వెనక కమాన్లలో ఒక పట్టీ అదనంగా కలిపి, పొడుగు షాకిళ్లు (కమాను కొసని ఛాసిస్‌కి తగిలించే పట్టీలు) వేయించి రెండంగుళాలు లేపించాను. వారం తిరక్కుండానే సీటు కింద సన్నగా ఒక జుయ్ మొదలైంది. సిద్ధాంతం బ్రిడ్జి మీద 60 దాటితే చాలు, గేర్ రాడ్ మీద పెట్టిన చెయ్యి తిమ్మిరెక్కేది. షెడ్డులో ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సు వైపు నుంచి వెనక చక్రాలకి తిప్పుడు తీసుకెళ్లే గొట్టం) యూజే క్రాస్, అంటే యూనివర్సల్ జాయింట్‌లోని క్రాస్, మార్చారు. తగ్గలేదు. ఇంకో కంపెనీది తెచ్చి మళ్లీ మార్చారు. అయినా తగ్గలేదు. చివరికి రావులపాలెంలో ఒక పెద్ద మేస్త్రి బండి కిందకి దూరి, రెండు నిమిషాలు చూసి, "ఆయ్, క్రాస్‌లు బానే ఉన్నాయండి బాబూ, ముక్కే పైకి లేచింది" అన్నాడు. ఆయన ముక్కు అన్నది డిఫరెన్షియల్ పినియన్‌ని, అంటే షాఫ్ట్ వెనక కొస వచ్చి తగులుకునే చోటుని.

బండి లేపాక వచ్చే తంటాల్లో చాలా భాగం ఇలాంటివే. పార్టు పాడవ్వదు, దాని కోణం మారుతుంది. లేదంటే ఒక పైపు చాలక లాక్కుపోతుంది, ఒక బోల్టు సర్దుకుని వదులవుతుంది. అందుకే కొత్త సామాను కొనే ముందు ఆ జబ్బు ఎప్పుడు వస్తోందో కాగితం మీద రాయండి. ఏ స్పీడులో వస్తోంది? యాక్సిలరేటర్ నొక్కితేనా, వదిలితేనా? బ్రేకు వేస్తేనా? తిప్పితేనా, గతుకులోనా? ఈ నాలుగు ముక్కలు రాసుకుంటే సగం వెతుకులాట తప్పుతుంది.

చోటు కూడా ముఖ్యమే. మన దగ్గర వీధుల్లో చదునైన నేల దొరకదు. రైస్ మిల్లు సిమెంట్ కళ్లం బావుంటుంది, కాకపోతే వాన నీళ్లు పోవడానికి దానికీ కొంచెం వాలు ఇస్తారు కాబట్టి కొలిచే ముందు లెవెల్ ట్యూబుతో చూసుకోండి. జాకీ మీద ఉన్న బండి కిందకి దూరొద్దు. ఛాసిస్ కింద స్టాండ్లు, చక్రాలకి చెక్కలు పెట్టాకే దూరండి. తడి ఒండ్రు నేల మీద జాకీ దానంతటదే దిగబడుతుంది, కింద మందపాటి పలక వేయాలి.

ముందు బోల్టులు

ఏ జబ్బు ఉన్నా లేకున్నా మొదటి పని ఇదే. కొత్తగా బిగించిన కమాన్ కట్ట మొదటి వంద కిలోమీటర్లలో సర్దుకుంటుంది, దాన్ని హౌసింగ్‌కి (చక్రాల మధ్య ఉండే ఇరుసు గొట్టానికి) పట్టి ఉంచే యూ బోల్టులు వదులవుతాయి. వందకి ఒకసారి, ఐదొందలకి ఒకసారి, మాన్యువల్లో ఉన్న టార్క్‌కి మళ్లీ బిగించాలి. వదులుగా తిరిగితే బరువంతా పట్టీల్ని మధ్యలో కలిపే సెంటర్ బోల్టు మీద పడి అది తెగుతుంది. అప్పుడు హౌసింగ్ కమాను మీద వెనక్కి జరిగి బండి పీతలా అడ్డంగా నడుస్తుంది. విప్పిన పాత యూ బోల్టుల్ని మళ్లీ వాడొద్దు. ఒకసారి సాగిన మర రెండోసారి అంత పట్టు ఇవ్వదు.

కీచుమనే శబ్దం వస్తూ, బండి మునుపటికంటే బిర్రుగా ఎగురుతుంటే బుష్‌లు ఎలా బిగించారో అడగండి. చక్రాలు గాల్లో ఉండగా బోల్టులు పూర్తిగా బిగిస్తే, కిందకి దించగానే రబ్బరు బుష్ మెలిపడిపోతుంది. బండిని నేల మీద నిలబెట్టి, బోల్టులు వదులు చేసి, నాలుగుసార్లు పైనుంచి ఊపి, ఆ ఎత్తులోనే బిగించాలి. ఇంత చిన్న పనికి కొత్త షాకబ్జర్లు కొన్నవాళ్లని చూశాను.

స్టీరింగ్ నిలవకపోతే

ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేను, మధ్యలో ఒక్క బండి పట్టే గట్టు రోడ్డు. అక్కడ స్టీరింగ్ నిలవకపోతే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. దీనికి మామూలు కారణం క్యాస్టర్, అంటే ముందు చక్రం తిరిగే పిన్ను పైభాగం వెనక్కి వాలిన కోణం, తగ్గడం. ముందు కమాన్లకి షాకిల్ ముందువైపు ఉండే బండికి పొడుగు షాకిల్ వేస్తే, హౌసింగ్ పైభాగం ముందుకి వాలుతుంది. మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రావడం తగ్గుతుంది. అలైన్‌మెంట్ సెంటర్లో టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే తేడా) ఒక్కటే సరిచేసి పంపేస్తుంటారు. క్యాస్టర్ రీడింగ్ కూడా కాగితం మీద ఇవ్వమని అడగండి.

టో మీరే చూసుకోవచ్చు. రెండు ముందు టైర్ల మధ్యగీత మీద, హబ్ ఎత్తులో, చాక్‌పీసుతో గుర్తు పెట్టి ముందువైపు టేపుతో కొలవండి. బండిని నెట్టి ఆ గుర్తులు వెనక్కి, అదే ఎత్తుకి వచ్చాక మళ్లీ కొలవండి. ఇలాంటి బండ్లకి ముందు కొలత రెండు మూడు మి.మీ. తక్కువ ఉండటం మామూలు, సరైన అంకె మీ మాన్యువల్లో ఉంటుంది.

గతుకులో స్టీరింగ్ తనంతట తాను పక్కకి తిరిగితే డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రం వైపు వెళ్లే కడ్డీ) ఏటవాలైందని అర్థం. బండి లేచింది, స్టీరింగ్ బాక్సు దాంతో పాటు లేచింది, చక్రం మాత్రం కిందే ఉంది. కిందకి వంగిన పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్సు నుంచి ఆ లింక్‌ని కదిపే చెయ్యి) వేస్తే ఆ లింక్ మళ్లీ బల్లపరుపు అవుతుంది. ముందు కాయిల్ స్ప్రింగులూ, హౌసింగ్ పక్కకి జరక్కుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్డూ ఉన్న బండిలో ఆ రాడ్డు, డ్రాగ్ లింక్ ఒకే వాలులో ఉండాలి. ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే జబ్బు ఇంకా ముదురుతుంది. స్టీరింగ్ చక్రం వంకరగా నిలిస్తే డ్రాగ్ లింక్ దగ్గర సరిచేయాలి. స్టీరింగ్ పీకి తిప్పి పెట్టడం సరిచేయడం కాదు.

ఇక వాబ్లింగ్. 60, 70 స్పీడులో ఒక గతుకు తగలగానే ముందు చక్రాలు రెండూ పిచ్చెక్కినట్టు కొట్టుకుంటాయి. ఆ క్షణంలో బ్రేకు గట్టిగా తొక్కొద్దు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, నెమ్మదిగా పక్కకి ఆపండి. తర్వాత ఒకరిని స్టీరింగ్ అటూ ఇటూ కొద్దిగా ఊపమని, మీరు ఒక్కో టై రాడ్ ఎండ్ (రెండు ముందు చక్రాల్ని కలిపే కడ్డీ కొస) మీద చెయ్యి వేసి చూడండి. వదులు కంటికి కనపడకముందే చేతికి టక్‌మని తెలుస్తుంది. చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే ప్లే వచ్చిందా? ఇంకొకరిని బ్రేకు నొక్కమనండి. ప్లే మాయమైతే వీల్ బేరింగ్, అలాగే ఉంటే కింగ్‌పిన్ (చక్రం పక్కకి తిరిగే పిన్ను). చాలామంది ముందు స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపుని ఆపే చిన్న షాకబ్జర్) కొంటారు. అది వదులైన పార్టుని బాగుచేయదు, కొన్నాళ్లు దాచిపెడుతుంది.

వణుకు: టైరుదా, షాఫ్టుదా?

ముందు చెవితో తేల్చండి. 60 స్పీడులో మామూలు జీపు చక్రం సెకనుకి ఏడు చుట్లు తిరుగుతుంది. షాఫ్ట్ దానికి నాలుగైదు రెట్లు తిరుగుతుంది, పైగా యూజే కోణం తప్పితే ఒక్క చుట్టుకి రెండుసార్లు వణికిస్తుంది. కాబట్టి దడదడమని లెక్కపెట్టగలిగేలా ఉంటే టైరు, తేనెటీగల్లా జుయ్‌మంటే షాఫ్ట్. ఖాళీ రోడ్డులో ఆ స్పీడుకి వెళ్లి న్యూట్రల్ చేయండి. వణుకు అలాగే ఉంటే ఇంజిన్‌ని వదిలేయొచ్చు.

ఫోర్ వీల్ ఉన్న పాత జీపులో ఇంకో పరీక్ష ఉంది. వెనక షాఫ్ట్ విప్పేసి, ఫోర్ హైలో (ఫోర్ వీల్ హై గేరులో) ముందు చక్రాల మీద కాస్త దూరం నడపండి. జుయ్ పోతే దొంగ దొరికినట్టే. ఒక్క జాగ్రత్త: పాత జీపుల్లో కొన్నింటికి హ్యాండ్‌బ్రేక్ డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక షాఫ్టులకి శక్తి పంచే పెట్టె) వెనకే ఉంటుంది. షాఫ్ట్ విప్పితే హ్యాండ్‌బ్రేక్ కూడా పోయినట్టే. మాది మిల్లు వాలు మీద రెండు గజాలు జారి, ధాన్యం బస్తాల్ని ఆనుకుని ఆగింది.

రెండు చివరలా ఒక్కో యూజే ఉన్న షాఫ్టుకి సూత్రం ఒకటే. ట్రాన్స్‌ఫర్ కేస్ ఫ్లాంజి (షాఫ్ట్ బిగించే బిళ్ల) ముఖం, పినియన్ ఫ్లాంజి ముఖం ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. తేడా ఒక డిగ్రీ లోపు ఉంటే మంచిది. పొడుగు షాకిల్ కమాను వెనక కొసని కిందకి దించుతుంది, దాంతో హౌసింగ్ తిరిగి పినియన్ ముక్కు పైకి లేస్తుంది. నా బండికి వచ్చిన రోగం అదే.

కొలవడానికి మేస్త్రి వాడింది తాపీ పనివాళ్ల తూకం గుండు. షాఫ్ట్ విప్పాక ఫ్లాంజి ముఖానికి అడుగు పొడవు స్టీలు స్కేలు నిలువుగా ఆనించి, పక్కన గుండు వేలాడదీసి, దారానికీ స్కేలుకీ మధ్య సందు పైకొసలో, కిందికొసలో కొలిచాడు. అడుగు స్కేలుకి 5 మి.మీ. తేడా ఉంటే దాదాపు ఒక డిగ్రీ. ముందు ఫ్లాంజి 10 మి.మీ. చూపించింది, వెనకది అదే వైపుకి 20 మి.మీ. చూపించింది. అంటే ముక్కు రెండు డిగ్రీలు ఎక్కువ లేచింది. రెండు ఫ్లాంజిలూ ఎటు వాలాయో కూడా రాసుకోవాలి, అది మర్చిపోతే లెక్క తిరగబడుతుంది.

దీనికి మందు కమానుకీ హౌసింగ్‌కీ మధ్య పెట్టే ఏటవాలు పలక. ముక్కు దించాలంటే, కమాను హౌసింగ్ కింద ఉన్న బండికి పలక మందం వెనక్కి ఉండాలి, కమాను హౌసింగ్ పైన ఉంటే మందం ముందుకి. స్టీలుదే వేయించండి, అల్యూమినియంవి నలిగి పగులుతాయి. షాఫ్ట్ మళ్లీ బిగించేటప్పుడు రెండు చివరల యోక్‌లూ (యూజే క్రాస్‌ని పట్టుకునే చీలికలు) ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడండి. షాఫ్ట్ జారే చోటి పళ్లు, అంటే స్ప్లైన్, ఒక పన్ను తప్పి కూర్చుంటే ఇంత శ్రమా వృథా. ఒక చివర జంట యూజే ఉన్న షాఫ్టుకి ఈ లెక్క వర్తించదు. దానికి పినియన్ నేరుగా షాఫ్ట్ వైపు చూడాలి.

బ్రేకులు

ఛాసిస్‌ని లేపి చక్రాలు పూర్తిగా వేలాడనివ్వండి. స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతూ బ్రేక్ హోసులు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, ఏబీఎస్ వైర్లు చూడండి. తీగలా బిగుసుకున్నది ఏదైనా మార్చాల్సిందే. గట్టు దిగేటప్పుడు ఒక చక్రం గాల్లో వేలాడితే తెగేది అదే.

లేపాక వెనక బ్రేకులు మెత్తబడ్డాయి, బండి ముక్కు మీద వంగి ఆగుతోంది అనిపిస్తే లోడ్ సెన్సింగ్ వాల్వ్ చూడండి. కొన్ని బండ్లలో ఛాసిస్‌కీ వెనక హౌసింగ్‌కీ మధ్య ఒక చిన్న లింకుతో అది ఉంటుంది. వెనక లేస్తే బండి ఖాళీగా ఉందనుకుని వెనక్కి ప్రెషర్ తగ్గించేస్తుంది. బండి ఎంత లేచిందో ఆ లింకు బ్రాకెట్‌ని కూడా అంతే సర్దాలి. బ్రేకు షూలు మార్చి లాభం లేదు.

కొత్త థార్ లాంటి బండ్లు

2010 థార్ సీఆర్‌డీఈకి ముందు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు), 2020లో వచ్చినదానికి డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రానికి పైనొకటి, కిందొకటి ఉండే చేతులు) మీద కాయిల్స్. రెండింటిలోనూ ముందు చక్రాలు విడివిడిగా కదులుతాయి కాబట్టి, లేపితే యాక్సిల్ కోణం పెరుగుతుంది. పూర్తిగా తిప్పి కదిలిస్తే టకటకమంటుందా? చక్రం లోపలివైపు గ్రీజు చిమ్మిందా? అయితే సీవీ బూటు (యాక్సిల్ జాయింటు మీది రబ్బరు తొడుగు) చిరిగింది. వెంటనే మార్పిస్తే బూటు ఖర్చుతో పోతుంది, ఇసుక దూరేదాకా ఆగితే జాయింటే మార్చాలి. షాకబ్జర్ మీద స్పేసర్ పెడితే చక్రం దగ్గర ఎత్తు స్పేసర్ మందం కంటే ఎక్కువే పెరుగుతుందని గుర్తుంచుకోండి. స్పీడ్ బ్రేకర్ దిగగానే టంగుమంటే షాకబ్జర్ పూర్తిగా సాగి ఆఖరికి తగులుతోంది, ఎత్తు కొంచెం తగ్గించడమే దారి. టో, కాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం) కూడా మారతాయి కనక అలైన్‌మెంట్ తప్పదు.

నీళ్లు, ఉప్పు

ఇది కోనసీమ బండికి ప్రత్యేకం. హౌసింగ్ మీద ఊపిరి గొట్టం ఒకటి ఉంటుంది. బండి లేపినప్పుడు అది పొట్టిదై నిపుల్ నుంచి ఊడిపోతుంది, ఎవరూ గమనించరు. నలభై కిలోమీటర్లు నడిచి వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని, ఆ రంధ్రం నుంచీ ఆయిల్ సీళ్ల నుంచీ నీళ్లు పీల్చుకుంటుంది. కాజ్‌వే దాటాక నాలుగు రోజులకి డిఫరెన్షియల్ ఊళ పెట్టడం వెనక కథ ఇదే. పొడుగు గొట్టం వేసి బానెట్ కింద దాకా తీసుకెళ్లి కట్టండి.

నీళ్లలో దిగి వచ్చిన మర్నాడు పొద్దున్నే, బండి కదపకముందే, డ్రెయిన్ ప్లగ్ కొద్దిగా వదులు చేసి చూడండి. నీళ్లు అడుగున ఉంటాయి కాబట్టి ముందు అవే వస్తాయి. అప్పటికే నడిపి ఉంటే ఆయిలు పాలెక్కువైన టీ రంగులో వస్తుంది. రెండు సందర్భాల్లోనూ ఆయిల్ మార్చాల్సిందే. మొదటిసారి పోసింది కడగడానికే అనుకుని, కాస్త తిప్పి మళ్లీ మార్చండి.

అంతర్వేది, ఓడలరేవు ఇసుకలో తిరిగొచ్చినా, రొయ్యల చెరువుల గట్లు తొక్కినా, అడుగుభాగం మంచినీళ్లతో కడగండి. యూ బోల్టు మరలకి గ్రీజు పూయండి. కమాన్లకి బర్న్ట్ ఆయిల్ కొట్టించే అలవాటు మన దగ్గర ఉంది. బుష్ రబ్బరుకి తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది, బ్రేకు డ్రమ్ములోకి పోతే ఇంకా ప్రమాదం.

మిగిలినవి

పెద్ద టైర్లు వేస్తే స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది. 235/75 ఆర్15 బదులు 31 అంగుళాలవి వేస్తే మీటరు 60 అంటున్నప్పుడు బండి 64 మీద ఉంటుంది. హెడ్‌లైట్లు కిందకి దించుకోండి, 216 హైవే మీద ఎదురొచ్చేవాళ్లు తిట్టేది అందుకే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు దగ్గర పేచీ రావచ్చు. కాబట్టి విప్పిన పాత షాకిళ్లు, కమాన్ పట్టీలు తుక్కుకి వేయకండి. మావి అటక మీద గోనెసంచిలో ఉన్నాయి.