బోర్డుల అతుకు దగ్గర బండి పడిపోతుంటే: నా అనుభవం

మా పాపా నేనూ బిట్రగుంట రైల్వే స్టేషన్ నమూనాని, బొమ్మ రైలు నడిచేలా, రెండు ప్లైవుడ్ బోర్డుల మీద కడుతున్నాం. హెచ్‌ఓ స్కేలు (అసలు రైలులో 87వ వంతు), పట్టాల మధ్య 16.5 మి.మీ. బోర్డులు విడదీసి మళ్లీ కలిపితే చాలు, అతుకు దగ్గర ఇంజను పడిపోయేది. ఫెవిక్విక్, అట్టముక్కలు, కొత్త జాయినర్లు (పట్టాల కొసల్ని కలిపే రేకు ముక్కలు), ఏదీ నిలవలేదు.

చివరికి ముందు బోర్డులు రెండూ బోల్టులతో బిగించేశాం. అతుక్కి అటూ ఇటూ, ఒక్కో పట్టా కిందికి వచ్చేలా ఇత్తడి స్క్రూలు దించాం. స్క్రూ తల పట్టా అడుగుకి తగలాలి, పైకి ఎత్తకూడదు. స్క్రూడ్రైవర్ పాపదే; "ఇంకొంచెం తిప్పనా నాన్నా?" అంటూనే ఉంది. తర్వాత అతుకు మీదుగా పట్టా ఏకంగా పరిచి, స్క్రూలకి టంకం వేసి (పాపని దూరంగా కూర్చోబెట్టాను లెండి), చల్లారాకే అతుకు దగ్గర పట్టాని సన్న రంపంతో కోశాను. కోసిన చోట పట్టాలో కరెంటు తెగిపోతుంది కాబట్టి రెండో బోర్డుకి కరెంటు వైర్లు విడిగా ఇవ్వాలి.

మాది తిన్నని లైను. వంపులో అతుకు వస్తే ఇదే కుదురుతుందని చెప్పలేను. కార్తీకం వానలకి ప్లైవుడ్ ఉబ్బితే మళ్లీ చూసుకోవాల్సిందే.