రెండు కెమెరాల పెళ్లి ఫొటోలు: వరుస తప్పితే, మాయమైతే, వెలిసిపోతే

ఇద్దరు ఫొటోగ్రాఫర్లు తీసిన మూడు వేల పెళ్లి ఫొటోలను ఒకేచోట చేర్చగానే తలెత్తే చిక్కులివి. మొదటిదే నన్ను ఎక్కువసార్లు ఏడిపించింది.

సమస్య: తలంబ్రాల తర్వాత జీలకర్ర బెల్లం వస్తోంది.

కారణం: రెండు కెమెరాల గడియారాలు కలవలేదు. తీసిన సమయం ప్రతి ఫొటోలోనూ ఎక్సిఫ్ సమాచారంగా నమోదవుతుంది. ఆల్బమ్ వరుస దాన్నిబట్టే ఏర్పడుతుంది.

పరిష్కారం: రెండు కెమెరాలూ పట్టుకున్న ఒకే క్షణాన్ని వెతకండి. నేనైతే వరుడి వేళ్లు పసుపుతాడు మూడో ముడి బిగించే ఫొటో కోసం చూస్తాను. ఆ క్షణంలో షట్టర్ నొక్కనివారు ఉండరు. ఒక కెమెరా 10:42:16 అని, రెండోది 10:35:05 అని చూపితే తేడా 7 నిమిషాల 11 సెకన్లు. ఫొటోలు సర్దే సాఫ్ట్‌వేర్లయిన లైట్‌రూమ్ క్లాసిక్‌లో గానీ, ఉచితంగా దొరికే డిజికామ్‌లో గానీ వెనకబడిన కెమెరా ఫొటోలన్నిటినీ ఎంచుకుని ఆ తేడాను ఒకేసారి కలపండి. రెండూ ఒకే మోడలైతే సీరియల్ నంబరును బట్టి వేరు చేయండి. అసలు పెళ్లికి ముందే, సెకన్లు కనిపించే ఫోను గడియారాన్ని రెండు కెమెరాలతోనూ ఫొటో తీసి పెట్టుకుంటే ఈ వెతుకులాటే ఉండదు.

సమస్య: కాపీ చేశాక కొన్ని ఫొటోలు లేవు.

కారణం: చాలా కెమెరాలు ఫైలు పేరులో నాలుగు అంకెలే వాడతాయి. 9999 దాటగానే లెక్క మళ్లీ 0001 నుంచి మొదలవుతుంది. రెండు కార్డుల్లో ఒకే పేరున్న ఫైళ్లు ఒకే ఫోల్డరులో పడినప్పుడు, కంప్యూటర్ అడిగిన ప్రశ్నకు తొందరలో ‘సరే’ నొక్కితే పాతది పోతుంది.

పరిష్కారం: కార్డు చెరపకపోతే ప్రతి కార్డుకూ వేరే ఫోల్డరు పెట్టి మళ్లీ కాపీ చేయండి. పొరపాటున ఫార్మాట్ చేసి ఉంటే దయచేసి ఆ కార్డుతో ఇంకొక్క ఫొటో కూడా తీయకండి. కొత్తది పడిన చోట పాతది తిరిగి రాదు. ఫొటోరెక్ అనే ఉచిత సాధనంతో వెతికి, దొరికినవాటిని వేరే డిస్కులోనే భద్రపరచండి. తర్వాత తేదీ, సమయం, కెమెరా గుర్తు కలిపి పేర్లు మార్చండి. రెండు కాపీలు చేసి, తెరిచి చూసేదాకా నేను ఏ కార్డునూ ఫార్మాట్ చేయను.

సమస్య: కెమెరాలో నిగనిగలాడిన పట్టుచీర ఫోనులో వెలిసినట్టుంది.

కారణం: ఫైలు పేరు అండర్‌స్కోర్ (_)తో మొదలైందేమో చూడండి. కెమెరాను అడోబ్ ఆర్‌జీబీ అనే విస్తృత రంగుల పద్ధతిలో పెట్టారనడానికి అదే గుర్తు. రంగుల ప్రొఫైల్‌ను, అంటే రంగులను ఎలా చదవాలో ఫైలులో ఉండే సూచనను పట్టించుకోని యాప్‌లు వాటిని పేలవంగా చూపుతాయి.

పరిష్కారం: పంపే జేపెగ్ కాపీలను, యాప్‌లు మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల పద్ధతికి మార్చి ఎగుమతి చేయండి. ‘రా’ ఫైళ్లకు, అంటే కెమెరా మలచకుండా దాచే ముడి ఫైళ్లకు, కెమెరాలోని ఈ సెట్టింగుతో పనిలేదు.

సమస్య: లైట్‌రూమ్‌లో ఫోల్డరు పక్కన ప్రశ్నార్థకం.

కారణం: ఫోల్డరును లైట్‌రూమ్‌లో కాకుండా నేరుగా కంప్యూటర్‌లో వేరేచోటికి జరిపారు.

పరిష్కారం: దానిపై కుడి క్లిక్ చేసి కొత్త చోటు చూపించండి. కంగారులో తీసేసి మళ్లీ చేర్చకండి. అలా చేస్తే రాత్రంతా కూర్చుని ఎంచి పెట్టుకున్న నక్షత్రాల గుర్తులు పోవచ్చు.