లాన్ ఎరువు చెరువులో కలవకుండా కాలనీ తీర్మానం రాసుకునే విధానం

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని పినెల్లస్ కౌంటీలో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు పచ్చికకు నత్రజని గానీ, భాస్వరం గానీ ఉన్న ఎరువు వేయడం నిషేధం. అక్కడ అవి వానల నెలలు. తిరుపతిలో కాలనీ సంఘమో, అపార్ట్‌మెంట్ సంఘమో ఇటువంటి కట్టుబాటు పెట్టుకోదలిస్తే ఆ తేదీలను యథాతథంగా దించుకోవడం వల్ల ప్రయోజనం లేదు. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబర్‌లో వీధులు ఏరులైన సంగతి ఊరివారికి గుర్తు చేయనక్కర్లేదు. కాబట్టి అక్టోబర్ 1 నుంచి డిసెంబర్ 31 వరకు లాన్‌కు ఎరువు వేయరాదన్నది తీర్మానంలో మొదటి అంశం కావాలి. మిగిలిన నెలల్లోనూ, వాన సూచన ఉన్న రోజున సంచి విప్పకూడదు.

యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది, అది నీటిలో ఇట్టే కరుగుతుంది. భాస్వరం అలా కాక మట్టి రేణువులను పట్టుకుని ఉంటుంది గనుక, గడ్డి పలచబడిన వాలులో ఎర్రమట్టి కోసుకుపోయినప్పుడు దానితోపాటే కాలువలోకి చేరుతుంది. ఈ రెండూ చెరువుకో, స్వర్ణముఖి నదికో చేరితే పాచి, గుర్రపుడెక్క విపరీతంగా పెరుగుతాయి. అవి చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు తరిగి చేపలు తేలిపోతాయి.

రెండవ అంశం భాస్వరం గురించి. మిన్నెసోటా రాష్ట్రంలో కొత్తగా గడ్డి నాటినప్పుడో, భూసార పరీక్షలో లోపం తేలినప్పుడో తప్ప లాన్‌కు భాస్వరం వేయనివ్వరు. మనమూ అదే పాటించి, పరీక్ష ఫలితం చేతికి రానిదే డీఏపీ, 17-17-17 వంటి భాస్వరం ఉన్న ఎరువులు కొనకూడదని రాసుకోవాలి. యూరియా మాత్రం వెయ్యి చదరపు అడుగులకు ఒక విడతకు అర కిలో చాలు. దానిని తూకం వేసి ఇవ్వాలే గానీ, తోటమాలి పిడికిలి అంచనాకు వదిలేయరాదు. చల్లిన వెంటనే పలచగా నీరు పెట్టాలి, ఆ నీరు లాన్ దాటి పారకూడదు.

కాలువ, చెరువు గట్ల నుంచి పది అడుగుల మేర ఎరువు పడకూడదు. సిమెంటు బాటపై పడిన గుళికలను నీళ్లతో కడిగేస్తే అవి నేరుగా కాలువలోకే పోతాయి కనుక, చీపురుతో ఊడ్చి తిరిగి గడ్డిలోనే వేయాలి. కోసిన గడ్డిని అక్కడే పరచి ఉంచితే అందులోని నత్రజని మళ్లీ నేలకే అందుతుంది.

పశువుల ఎరువుకు మినహాయింపు కావాలని సభలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఇవ్వకూడదు, అందులోనూ నత్రజని, భాస్వరం ఉన్నాయి, వానకు అదీ కొట్టుకుపోతుంది. తీర్మానం ప్రతిని సంఘం కార్యాలయంలో కాక, ఎరువు సంచులుండే గది తలుపుకే అంటించాలి.