మాయ పనితీరును చెప్పే రక్తపరీక్షలు: ఎప్పుడు చేయించాలి, ఎలా చదవాలి

గర్భిణికి 20 వారాలు దాటాక బీపీ పెరిగి, దానితోపాటు మూత్రంలో ప్రొటీన్ పోవడమో, కాలేయం లేదా కిడ్నీలు దెబ్బతినడమో కనిపిస్తే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. మన పెద్దవాళ్లు గుర్రపువాతం అని భయపడే ఫిట్స్ దీని ముదిరిన రూపమే. బయటపడేది బీపీలోనే అయినా, ఈ జబ్బు మొదలయ్యేది మాయ (ప్లాసెంటా)లో. మాయకు రక్తం సరిగా అందనప్పుడు, రక్తనాళాలను పోషించే పీఎల్‌జీఎఫ్ అనే ప్రొటీన్ తగ్గుతుంది. దాన్ని పట్టి బంధించే ఎస్‌ఫ్లిట్-1 పెరుగుతుంది. ఈ రెండో ప్రొటీన్ పాత్రను 2003లో బోస్టన్‌లో అనంత్ కరుమంచి బృందం చూపింది.

పరీక్షకు ముందు వారాల లెక్క తేల్చుకోవాలి. పీఎల్‌జీఎఫ్ సుమారు 30వ వారం వరకు పెరిగి ఆ తర్వాత సహజంగానే తగ్గుతుంది కనుక, వారాలు తప్పు రాస్తే మామూలు అంకె కూడా జబ్బులా కనిపిస్తుంది. నెలసరి తేదీ గుర్తులేనివారికి మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగే ఆధారం. ఆ కాగితాన్ని కాన్పు అయ్యేదాకా పారేయకూడదు.

మొదటి పరీక్ష 11 నుంచి 14 వారాల మధ్య చేస్తారు. పీఎల్‌జీఎఫ్, పాప్-ఎ (మాయలో తయారయ్యే మరో ప్రొటీన్) విలువలకు రెండు చేతుల బీపీని, గర్భాశయ ధమనుల్లో రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కానింగ్‌ను, తల్లి బరువు, పాత కాన్పుల వివరాలను జోడించి ముప్పును లెక్కగడతారు. ఈ అంకెల్లో ఏ ఒక్కదాన్నీ విడిగా నమ్మకూడదు. పాప్-ఎ తక్కువగా ఉందంటే బిడ్డ ఎదుగుదలను జాగ్రత్తగా గమనించాలని మాత్రమే అర్థం. ముప్పు ఎక్కువని తేలితే డాక్టరు సలహాతో రాత్రిపూట ఆస్పిరిన్ మొదలుపెడతారు. 2017లో వెలువడిన ఆస్ప్రీ అధ్యయనంలో 36 వారాల వరకు రోజుకు 150 మిల్లీగ్రాములు ఇస్తే, 37 వారాలలోపు కాన్పు చేయవలసి వచ్చే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. ఇంత మేలు చేసే మాత్ర ఆలస్యంగా మొదలవడం నిజంగా బాధాకరం.

రెండో పరీక్ష అనుమానం వచ్చినప్పుడు చేసేది. బీపీ పెరిగినా, బిడ్డ ఎదుగుదల తగ్గినా, 24 వారాల నుంచి 37 వారాల లోపు ఎస్‌ఫ్లిట్-1ను పీఎల్‌జీఎఫ్‌తో భాగించి చూస్తారు. ఉదాహరణకు 30 వారాల గర్భిణి రిపోర్టులో మొదటిది 4,200, రెండోది 60 ఉంటే నిష్పత్తి 70. 2016లో ప్రచురితమైన ప్రోగ్నోసిస్ అధ్యయనం ప్రకారం, నిష్పత్తి 38 లేదా అంతకంటే తక్కువ ఉన్నవారిలో 100కు 99 మందికి పైగా వచ్చే వారంలో జబ్బు రాలేదు. 38 దాటినవారిలో మాత్రం నాలుగు వారాల్లో జబ్బు వచ్చింది సుమారు 37 శాతం మందికే. అంటే ఈ పరీక్ష ‘ఇప్పట్లో రాదు’ అని చెప్పినంత గట్టిగా ‘వస్తుంది’ అని చెప్పలేదు. 70 అంకె ఉన్న గర్భిణిని ఇంటికి పంపి మరచిపోకూడదు, వెంటనే కాన్పు చేయనూ కూడదు. బీపీ, ప్లేట్‌లెట్లు, కిడ్నీల పనితీరును చెప్పే క్రియాటినిన్, డాప్లర్ చూస్తూ, డాక్టరు చెప్పిన గడువులో పరీక్ష మళ్లీ చేయించాలి. 34 వారాలలోపు 85 దాటినా, ఆ తర్వాత 110 దాటినా జబ్బు ఉన్నట్టే అనుకుని నడుచుకుంటారు.

ఈ హద్దులు ఒకే బిడ్డ ఉన్న గర్భానికి నిర్ణయించినవి. కవలలున్నప్పుడు ఎస్‌ఫ్లిట్-1 సహజంగానే ఎక్కువ. మిషన్ మారితే అంకె కూడా మారుతుంది కనుక, రెండోసారి కూడా రక్తం అదే ల్యాబులో ఇవ్వడం మంచిది.

తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, కుడి పక్కటెముకల కింద నొప్పి, బిడ్డ కదలికలు తగ్గడం, బీపీ 160/110కి చేరడం, వీటిలో ఏది కనిపించినా ఏ రిపోర్టు కోసమూ ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. నిన్నటి నిష్పత్తి బాగుందన్నది ఇంట్లో ఉండిపోవడానికి కారణం కాదు.

మాయ గర్భాశయ గోడలోకి చొచ్చుకుపోయే అక్రీటా విషయంలో పైన చెప్పిన పరీక్షలు పనికిరావు. ముందు సిజేరియన్ జరిగి, ఇప్పుడు మాయ కిందికి ఉందని చెప్పినవారు అనుభవమున్న రేడియాలజిస్టు చేత డాప్లర్ స్కానింగ్ చేయించుకోవాలి; అనుమానం బలపడితే రక్తనిధి, సర్జన్లు అందుబాటులో ఉన్న ఆసుపత్రిలోనే కాన్పుకు ముందుగా ఏర్పాటు చేసుకోవాలి.