కరెంటు రాగానే వీడియో: డెస్క్‌టాప్ లేని లైనక్స్ పెట్టె

ఒకే వీడియోను రోజంతా తిప్పే పెట్టెకు కీబోర్డు ఉండదు, పక్కన మనిషి ఉండడు. రాత్రి ఎవరో గోడ మీద స్విచ్ కట్టేసి వెళ్లిపోతారు. వీడియో ఆడించడం పది నిమిషాల పని. అసలు పనంతా ఆ స్విచ్‌ను తట్టుకునేలా చేయడంలోనే ఉంది.

కావలసినవి: 2 జీబీ రాస్ప్‌బెరీ పై 4 (అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరు బోర్డు), దానికి 5 వోల్టుల 3 ఆంపియర్ల అడాప్టరు, 16 జీబీ మెమొరీ కార్డు, మైక్రో హెచ్‌డీఎంఐ కేబుల్, హీట్ సింక్. ఫోన్ ఛార్జరుతో సరిపెట్టకండి. వోల్టేజీ 4.63 కన్నా పడిపోతే బోర్డు వేగం తగ్గించుకుంటుంది, వీడియో తడబడుతుంది, తప్పేమో ఫైలు మీదకు పోతుంది. రాస్ప్‌బెరీ పై 5 కొత్తది కదా అని దానికి ఎగబడనక్కర్లేదు. హెచ్.264 అనే వీడియో కుదింపు పద్ధతిని డీకోడ్ చేసే (విప్పి చూపే) హార్డ్‌వేర్ అందులో లేదు, హెచ్ఈవీసీ అనే మరో పద్ధతికి మాత్రమే ఉంది.

ముందు ఫైలు సంగతి చూడాలి. పై 4 హార్డ్‌వేర్ హెచ్.264ను 1080పీ వరకే మోస్తుంది. కాబట్టి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో మార్పిడి ప్రోగ్రాంతో 1920×1080, సెకనుకు 30 ఫ్రేములు, 8 బిట్ల వైయూవీ420పీ రంగు ఫార్మాట్‌కు మార్చండి. 8 ఎంబీపీఎస్ బిట్‌రేటు చాలు. 25 ఫ్రేముల వీడియోను 60 హెర్ట్జ్ తెర మీద ఆడిస్తే కెమెరా పక్కకు జరిగే దృశ్యాల్లో కుదుపు కనిపిస్తుంది. అలాంటప్పుడు తెరను 50 హెర్ట్జ్‌కు మార్చడం మేలు. శబ్దం అవసరం లేకపోతే ఆడియో ట్రాకును తీసేయండి. ఆడియో, వీడియోల నిడివిలో కొద్దిపాటి తేడా ఉన్నా లూప్ కలిసే చోట అది బయటపడుతుంది.

క్లిప్ మరీ చిన్నదైతే మొదటికి వెళ్లిన ప్రతిసారీ చిన్న ఆగుడు కనిపిస్తుంది. దీనికి మొరటు మందే మంచి మందు: ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో స్ట్రీమ్_లూప్ విలువ 59 ఇచ్చి, కోడెక్‌ను కాపీలో ఉంచితే (అంటే మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా) 30 సెకన్ల క్లిప్ 60 సార్లు అతుక్కుని అరగంట ఫైలవుతుంది. సైజు సుమారు 1.8 జీబీ. ఆగుడు అరగంటకోసారి వస్తే ఎవరూ పట్టించుకోరు.

కార్డు మీద రాస్ప్‌బెరీ పై ఓఎస్ లైట్ (డెస్క్‌టాప్ లేని లైనక్స్) ఎక్కించండి. ఎక్కించేటప్పుడే యూజర్‌ను, ఎస్ఎస్‌హెచ్‌ను (వేరే కంప్యూటరు నుంచి నెట్‌వర్క్ ద్వారా లాగిన్ అయ్యే పద్ధతి) సిద్ధం చేసుకోండి, తర్వాత లోపలికి వెళ్లే దారి అదే. ఆపైన ఆప్ట్ ఆదేశంతో ఎంపీవీ అనే వీడియో ప్లేయరును, రికమెండెడ్ ప్యాకేజీలు వద్దని చెప్పి, ఇన్‌స్టాల్ చేయండి. డెస్క్‌టాప్ అక్కర్లేదు, ఎంపీవీ నేరుగా కెర్నల్‌లో తెరను నడిపే డీఆర్ఎం అనే భాగం ద్వారా తెర మీద గీస్తుంది. ఆదేశం ఇది. ఇక్కడ పలికినట్టే రాసినా, టైప్ చేసేది ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో:

ఎంపీవీ --వీఓ=జీపీయూ --జీపీయూ-కాంటెక్స్ట్=డీఆర్ఎం --హెచ్‌డబ్ల్యూడెక్=ఆటో --లూప్-ఫైల్=ఐఎన్ఎఫ్ ఫైలుపేరు

హార్డ్‌వేర్ డీకోడింగ్ వాడుతున్నట్టు టెర్మినల్‌లో ఒక వరుస రావాలి. రాలేదంటే భారం ప్రాసెసర్ మీద పడుతోందని అర్థం. తెర అసలే తెరుచుకోకపోతే యూజర్ వీడియో, రెండర్ గ్రూపుల్లో ఉన్నాడో లేదో చూడండి.

చేత్తో ఆడించినప్పుడు బాగుంటే దాన్నే సిస్టమ్‌డీ (బూట్ కాగానే ప్రోగ్రాములను నడిపే లైనక్స్ భాగం) సర్వీసుగా రాయండి. ఫైలు దారిని పూర్తిగా ఇవ్వండి, యూజర్ పేరు పెట్టండి, రీస్టార్ట్ విలువ ఆల్వేస్, రీస్టార్ట్‌సెక్ 3, వాంటెడ్‌బై మల్టీ-యూజర్ టార్గెట్. ఆ 3ను వదిలేయకండి. అది లేకపోతే సిస్టమ్‌డీ 100 మిల్లీసెకన్లకోసారి ప్రయత్నించి, 10 సెకన్లలో 5 సార్లు విఫలమయ్యాక చేతులెత్తేస్తుంది. టీవీ ఆలస్యంగా వెలిగిన రోజు సరిగ్గా ఇదే జరుగుతుంది. తెర మీద లాగిన్ అక్షరాలు కనబడకుండా టీటీవై1 (మొదటి టెర్మినల్) మీద లాగిన్ అడిగే గెట్టీ సర్వీసును డిసేబుల్ చేయండి.

టీవీ గొడవకు ఇంకో మందు కూడా ఉంది. బూట్ విభాగంలోని సీఎండీలైన్ ఫైలు చివర వీడియో=హెచ్‌డీఎంఐ-ఏ-1:1920ఎక్స్1080@60డీ అని చేర్చండి (ఇందులో హెచ్‌డీఎంఐ, ఏ, చివరి డీ పెద్ద అక్షరాలు). తెర జవాబివ్వకపోయినా సిగ్నల్ పోతూనే ఉంటుంది. ఆ ఫైలంతా ఒకే వరుసలో ఉండాలి, మధ్యలో ఎంటర్ కొడితే తర్వాతిది పనిచేయదు. కేబుల్‌ను పవర్ సాకెట్ పక్కనున్న పోర్టుకే పెట్టండి.

టీవీ వెనక గాలాడని చోట పెడితే వేడి ఎక్కుతుంది, 80 డిగ్రీల దగ్గర బోర్డు వేగం తగ్గించుకుంటుంది. రెండు గంటలు ఆడించాక బోర్డు స్థితిని చెప్పే వీసీజెన్‌సీఎండీ ఆదేశంతో గెట్_త్రాటిల్డ్ అడగండి. సున్నా వస్తే అంతా బాగున్నట్టు. 50000 వస్తే వోల్టేజీ ఒకసారైనా పడిపోయింది, వేగమూ తగ్గింది. ముందు అడాప్టరు మార్చి చూడండి.

అన్నీ కుదిరాకే రాస్పీ-కాన్ఫిగ్ అనే సెట్టింగుల ప్రోగ్రాంలో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్‌ను ఆన్ చేసి, బూట్ విభాగాన్ని రీడ్ ఓన్లీ చేయండి. అప్పటినుంచి రాతలన్నీ ర్యామ్‌లోకే పోతాయి. రాస్తుండగా కరెంటు పోయి కార్డు పాడయ్యే ప్రమాదం తప్పుతుంది. ఇప్పుడు ప్లగ్ పీకండి, పెట్టండి, ఓ పదిసార్లు. టీవీ ఆపి ఉన్నప్పుడు కొన్నిసార్లు, వెలిగి ఉన్నప్పుడు కొన్నిసార్లు. వీడియో మార్చాల్సి వస్తే ముందు ఓవర్‌లే ఆపి, రీబూట్ చేసి, ఆ తర్వాతే కాపీ చేయండి. లేదంటే కొత్త ఫైలు సాయంత్రం దాకా చక్కగా ఆడి, మర్నాడు పొద్దున పాత వీడియోనే కనిపిస్తుంది.