ముందువెనకల కథలు చూడటం – 3వ పాఠం: ఒకే సీన్లో ఇద్దరు జోయెల్‌లు

సీన్లు తెర మీద ఏ వరసలో వస్తున్నాయో, కథలో ఏ వరసలో జరిగాయో విడివిడిగా రాసుకోవడం కిందటి రెండు పాఠాల్లో నేర్చుకున్నాం. ఆ పట్టిక ఒక్కటే సరిపోని సినిమా ఈసారి చూద్దాం. 2004లో వచ్చిన 'ఎటర్నల్ సన్‌షైన్ ఆఫ్ ది స్పాట్‌లెస్ మైండ్'. దర్శకుడు మిషెల్ గోండ్రీ, స్క్రీన్‌ప్లే చార్లీ కాఫ్‌మన్.

కథ ముందే తెలిసినా ఈ సినిమాకి నష్టమేమీ లేదు కాబట్టి చెప్పేస్తాను. గొడవపడి విడిపోయాక క్లెమెంటైన్ (కేట్ విన్‌స్లెట్) ఒక క్లినిక్‌కి వెళ్లి జోయెల్ జ్ఞాపకాలన్నీ చెరిపించేసుకుంటుంది. అది తెలిసి జోయెల్ (జిమ్ క్యారీ) కూడా అక్కడికే వెళ్తాడు. ఒక రాత్రి అతను నిద్రలో ఉండగా కొత్త జ్ఞాపకాల నుంచి పాతవాటి వైపు ఒక్కొక్కటే చెరిగిపోతుంటాయి. అంటే మనకి ముందు గొడవలు కనిపిస్తాయి, ప్రేమ తర్వాత.

ఏది ఎప్పటిదో తెలుసుకోవడానికి తేలిక దారి క్లెమెంటైన్ జుట్టు. తొలి పరిచయంలో ఆకుపచ్చ, బాగున్న రోజుల్లో ఎరుపు, చెడిన రోజుల్లో నారింజ, చెరిపించుకున్నాక నీలం. సినిమా మొదట్లో రైల్లో పలకరించే అమ్మాయిది నీలం జుట్టు! మొదటిసారి చూసేవాళ్లు అదే తొలి పరిచయం అనుకుంటారు, అనుకోవాలనే అలా తీశారు.

అసలు పాఠం జిమ్ క్యారీ దగ్గర ఉంది. జ్ఞాపకంలో ఉన్న జోయెల్ వేరు, ఆ జ్ఞాపకం చెరిగిపోతోందని తెలిసిన జోయెల్ వేరు. ఇద్దరూ ఒకే మనిషి ఒంట్లో, ఒక్కోసారి ఒకే మాటలో ఉంటారు. డాక్టర్ గదిలో జోయెల్ తనని తానే చూసుకునే సీన్లో అయితే కెమెరా అటు తిరిగేలోపు క్యారీ దాని వెనక నుంచి పరుగెత్తి, వేషం మార్చుకుని రెండోచోట కనబడ్డాడు. 1994లో 'ది మాస్క్'లో ముఖాన్ని రబ్బరులా సాగదీసిన నటుడు ఇక్కడ దాదాపు ఏమీ చేయనట్టే ఉంటాడు. ఆస్కార్‌కి విన్‌స్లెట్ నామినేట్ అయింది, స్క్రీన్‌ప్లేకి అవార్డే వచ్చింది. క్యారీకి నామినేషన్ కూడా రాలేదు. నా దృష్టిలో ఈ సినిమాని మోసింది అతనే.

దుప్పటి కింద సీన్ తీసుకోండి. చిన్నప్పుడు తను అందంగా లేననుకునేదాన్నని, ఒక వికారమైన బొమ్మకి తన పేరే పెట్టి అందంగా మారమని దాని మీద అరిచేదాన్నని క్లెమెంటైన్ చెబుతుంది. జోయెల్ ఆమెని ముద్దుపెట్టుకుంటూ నువ్వు అందంగా ఉన్నావంటాడు. ఇంతవరకూ నిజంగా జరిగిందే. ఆ వెంటనే అతని గొంతు మారుతుంది. ఇప్పుడు ఆ మాటలు ఆమెతో కావు, బయటున్న డాక్టర్‌తో: ఈ ఒక్క జ్ఞాపకం ఉంచెయ్యమని బతిమాలతాడు. మన సినిమాల్లో ఫ్లాష్‌బ్యాక్ మొదలైతే ఎవరో ఒకరు సైగ చేస్తారు. ఇక్కడ ఆ పని గొంతు చేస్తుంది. అంతసేపూ చెరిపేయమన్నవాడు, వద్దని అడ్డం తిరిగేది ఇక్కడే.

ఈ వారం అభ్యాసం. చివర్లో మాంటాక్ బీచ్ ఇంటి సీన్, అంటే వాళ్లు తొలిసారి కలిసిన రోజు జ్ఞాపకం, రెండుసార్లు చూడండి. మొదటిసారి సౌండ్ తీసేసి, జోయెల్ చూపు క్లెమెంటైన్ మీద నుంచి కూలిపోతున్న ఇంటి మీదకి ఎప్పుడు మళ్లుతుందో గుర్తుపెట్టుకోండి. రెండోసారి సౌండ్ పెట్టి, అప్పుడు నిజంగా అన్న మాటలు ఒక పక్క, ఇప్పుడు కొత్తగా కలిపిన మాటలు ఇంకో పక్క రాయండి. ఆ రోజు అతను చెప్పకుండానే వెళ్లిపోయాడు. కాబట్టి వీడ్కోలు ఏ పక్కన పడాలో మీకే తెలుస్తుంది. కొన్ని మాటలు రెండు పక్కలా ఇమిడితే కొట్టేయకండి, వాటి కింద గీత గీయండి.

వచ్చే పాఠంలో క్లినిక్ రిసెప్షనిస్ట్ మేరీ కథ చూద్దాం. ఆ గీత గీసిన మాటలతోనే మొదలుపెడదాం.