తుపాను పట్టినప్పుడు పెరటి కోళ్లు: ఏ లక్షణం కనిపిస్తే ఏం చేయాలి

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాది ఆ పక్క ఊరే. ముందు రోజు సాయంత్రం కోళ్ల గూడు తడవకూడదని నీలం పట్టా తెచ్చి, నాలుగు వైపులా కప్పి, కొబ్బరి తాడుతో బిగించి కట్టాను. పొద్దున పట్టా విప్పితే పద్నాలుగింటిలో మూడు పెట్టలు కింద పడి ఉన్నాయి. వాటి మీద ఒక్క ఈక కూడా తడవలేదు. లోపల మాత్రం రెట్ట ఘాటుకి ఊపిరి ఆడటం లేదు. పట్టా లోపలి వైపంతా నీటి బొట్లు. "వానకి పోయాయిరా" అంది అమ్మ. వానకి కాదు, నేను కట్టిన కట్టుకి పోయాయి.

నాటు కోడికి చలి అంత పెద్ద శత్రువు కాదు. లంబసింగి చలిలో కూడా పెరట్లో కోళ్లు తిరుగుతూనే ఉంటాయి. ఈకలు పొడిగా ఉండి, రాత్రి కడుపు నిండుగా ఉంటే తట్టుకుంటాయి. తుపాను రోజుల్లో చంపేవి తడి, గాలి ఆడని గూడు, ఆ తర్వాత వారం పది రోజులకు వచ్చే రోగం. అందుకే కోడి నలతగా కనిపించగానే మందుల డబ్బా వెతక్కుండా, ముందు గూడు చూడండి, తర్వాత రెట్ట చూడండి.

గూడు తెరవగానే కళ్లు మండుతున్నాయి

తడిసిన రెట్ట నుంచి వచ్చే అమ్మోనియా అది. నిలబడి ఉన్న మన ముక్కుకే అంత ఘాటుగా తగిలితే, రాత్రంతా ఆ రెట్ట మీదే పడుకున్న కోడికి ఎలా ఉంటుందో ఆలోచించండి. కళ్లు ఎర్రబడతాయి, నీరు కారుతుంది, గొంతు లోపలి పొర దెబ్బతింటుంది. ఆ తర్వాత ఏ రోగమైనా సులువుగా పట్టుకుంటుంది.

పట్టా కట్టండి, కానీ పైన చూరు కింద జానెడు ఖాళీ వదలండి. కోళ్లు కూర్చునే ఎత్తులో ఈదురుగాలి తగలకూడదు, వాటి తలల పైనుంచి మాత్రం గాలి ఆడాలి. గాలి కొట్టే వైపు పూర్తిగా మూసి, దానికి ఎదురు వైపు సగం వదిలితే సరిపోతుంది. ఇక్కడో చిక్కుంది: తుపాను కన్ను మన ఊరి మీదుగా దాటితే, ముందు ఒక దిక్కు నుంచి కొట్టిన గాలి కాసేపు ఆగి, తర్వాత ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. అందుకని రెండో వైపు పట్టాని కూడా చుట్టి పైన కట్టి ఉంచుకోండి, అవసరమైతే దించడానికి వీలుగా.

కింద మూడు అంగుళాల మందాన వరి ఊక పోయండి. గుప్పెడు ఊక తీసి గట్టిగా పిండి వదలండి. విడిపోతే బాగున్నట్టు. ముద్దగా నిలిచిపోతే ఆ భాగం ఎత్తిపోసి పొడి ఊక వేయాలి. కింద నేలకు కాస్త పొడి సున్నం చల్లి పైన ఊక వేస్తే తడి లాగుతుంది. తడిసిన ఊక మీదే కొత్తది పోసి కప్పేయడం చాలామంది చేస్తారు. అది పనికిరాదు, అడుగున కుళ్లుతూనే ఉంటుంది.

కోడి తడిసి ముద్దయింది, మెడ వాల్చేసింది

మా నల్ల పెట్ట ఒకసారి గూటికి చేరకుండా కాలవ గట్టున చిక్కుకుంది. దొరికేసరికి తడిసిన గుడ్డలా ఉంది. కళ్లు మూతలు పడ్డాయి, రెక్క కింద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. కోడి ఒంటి వేడి మామూలుగా 41 డిగ్రీల దాకా ఉంటుంది కాబట్టి రెక్క కింద ఎప్పుడూ వెచ్చగా తగలాలి. కాళ్లు చల్లగా ఉంటే కంగారు పడక్కర్లేదు, రెక్క కింద చల్లబడితేనే ప్రమాదం.

ముందు కావాల్సింది తువ్వాలు. పాత లుంగీ అయినా సరే. ఈకలు వాలిన వైపుకే అద్ది తుడవండి. ఎదురు రుద్దితే నీళ్లు లోపలి నూగులోకి పోతాయి. అట్టపెట్టెలో ఊకో పాత గుడ్డలో వేసి, కోడిని పెట్టి ఇంట్లోకి తెచ్చుకోండి. పాత రకం 60 వాట్ల బల్బు ఉంటే పెట్టెలో ఒక మూలకు, కోడికి అడుగున్నర పైన వేలాడదీయండి. వేడి ఎక్కువైతే రెండో మూలకు జరగడానికి చోటుండాలి. ఎల్‌ఈడీ బల్బు పెట్టి కోడి ఎప్పుడు తేరుకుంటుందా అని కూర్చున్నవాళ్లను చూశాను. దానికి వెలుతురే గానీ వెచ్చదనం ఉండదు.

కరెంటు పోతే (తుపాను నాడు పోకుండా ఉంటుందా!) కూల్‌డ్రింక్ సీసాలో చెయ్యి ఓర్చుకునేంత వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. చల్లారినప్పుడల్లా మార్చాలి. కుంపటి మాత్రం వద్దు. మూసిన గదిలో బొగ్గులు రాజేస్తే కోడితో పాటు మన ప్రాణం మీదికీ వస్తుంది.

సొమ్మసిల్లిన కోడి నోరు తెరిచి నీళ్లు పోయకండి. అది గుటక వేయలేదు, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల తనంతట తాను నిలబెట్టే దాకా ఆగండి. అప్పుడు ముక్కు కొనను గోరువెచ్చని బెల్లం నీళ్లకు తాకిస్తే తనే తాగుతుంది. మేత ఆ తర్వాతే, అది కూడా కొంచెం మెత్తటి అన్నం. మా నల్ల పెట్ట మూడు గంటలు రాయిలా పడి ఉండి, ఒక్కసారి ఒళ్లు దులిపి పెట్టె నిండా రెట్ట వేసింది. ఇక బతికినట్టే అనుకున్నాం.

పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుమంటున్నాయి

వాటికి చలేస్తోంది. మొదటి వారం పిల్లలకు 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి సుమారు మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ పోవచ్చు. థర్మామీటర్ లేకపోయినా పర్వాలేదు, పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుంపుగా ముడుచుకుంటే వేడి చాలడం లేదు. దూరంగా పోయి నోళ్లు తెరిస్తే ఎక్కువైంది. అంతటా చెదిరి గింజలు ఏరుకుంటుంటే సరిగ్గా ఉంది. తల్లి కోడి ఉంటే ఈ లెక్కలేవీ అక్కర్లేదు, తల్లినీ పిల్లల్నీ కలిపి పొడి చోట గంప కింద మూసి, గంప పైన సగమే గోనె కప్పండి. పిల్లలకు నీళ్లు లోతు లేని మూకుట్లో పెట్టండి. లోతు గిన్నెలో పడి తడిసిన పిల్ల చలి రాత్రి గట్టెక్కదు.

గురగుర శబ్దం, ముక్కు కారడం

రాత్రి కోళ్లు పడుకున్నాక గూటి దగ్గర నిలబడి వినండి. పగటి సందడిలో తెలియని గురక అప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. గురక ఉండి, తిండి తింటూ, రెట్ట మామూలుగా ఉంటే జలుబు లాంటి శ్వాస రోగం అయ్యే అవకాశం ఎక్కువ. ముఖం ఒక పక్క ఉబ్బి, కన్ను మూసుకుపోయి, ముక్కు నుంచి కంపు కొట్టే చీమిడి కారుతుంటే అది కొరైజా అనే బాక్టీరియా రోగం కావచ్చు. నీళ్ల గిన్నె ద్వారా త్వరగా పాకుతుంది.

ఆ కోడిని వేరు చేయండి, వేరే గిన్నె పెట్టండి, గూట్లో ఘాటు తగ్గించండి. యాంటీబయాటిక్ పశువైద్యుడు చెప్పిందే, చెప్పినన్ని రోజులు వాడాలి. ఇంట్లో మిగిలిన మనుషుల గోళీ సగం విరిచి వేయడం మా ఊళ్లో అలవాటు. ఎంత వేశారో తెలియదు, దేనికి వేశారో తెలియదు. పైగా ఆ కోడి గుడ్లు మర్నాడే ఇంట్లో ఆమ్లెట్ అవుతాయి. మందు వాడిన కోడి గుడ్లు ఎన్ని రోజులు తినకూడదో డాక్టర్ని అడిగి తీరాలి.

పచ్చటి, తెల్లటి రెట్ట, నోరు తెరిచి ఊపిరి, మెడ మెలితిరగడం

ఇది ఎక్కువగా కొక్కెర తెగులే. రాణిఖేత్ అన్నా ఇదే, ఉత్తరాఖండ్‌లోని ఆ కొండ ఊరి పేరే దీనికి పెట్టారు. వైరస్ ఒంట్లో చేరాక బయటపడటానికి ఎక్కువగా అయిదారు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. తుపాను వెలిసి ఎండ వచ్చాక, హమ్మయ్య అనుకుంటుండగా ఇది మొదలవడానికి కారణం అదే. వరద భయంతో నాలుగిళ్ల కోళ్లు ఒకే డాబా మీదికి చేరతాయి. ఎవరి కోడి తెచ్చిందో తెలిసేలోపు అన్నిటికీ అంటుకుంటుంది.

మొదట రెక్కలు వేలాడేసి కునుకుతాయి. తర్వాత రెట్ట నీళ్లలా పచ్చగా మారుతుంది. కొన్ని కోళ్లు మెడ తిప్పుకుని ఆకాశం చూస్తూ గిరగిరా తిరుగుతాయి. టీకా వేయని మందలో దాదాపు అన్నీ పోవచ్చు. వైరస్‌ను చంపే మందు లేదు. వెల్లుల్లి, పసుపు, జీలకర్ర నూరి పెట్టేవాళ్లను నేను వెక్కిరించను, కానీ వాటిని నమ్ముకుని రోగం కోడిని మందలో వదిలేయకండి.

ఉన్న దారి టీకానే. పిల్లలకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క లసోటా, నాలుగో వారంలో మళ్లీ. ఎనిమిది వారాలు దాటాక ఆర్‌టుబి టీకా రెక్క కింద సూదితో వేస్తారు. వానలు ముదరక ముందే, సెప్టెంబరులో వేయించుకుంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే తుపాన్లకు కోళ్లు సిద్ధంగా ఉంటాయి. ఒక సీసాలో సాధారణంగా వంద కోళ్లకు సరిపడా మందు ఉంటుంది, కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్లున్న ఇంటికి సీసా తెరవమంటే ఎవరికైనా చిరాకే. వీధిలో పది ఇళ్లవాళ్లు కలిసి ఒక రోజు అనుకుని పశువైద్యశాలలో అడగండి. సీసా ఐస్‌లోనే రావాలి, చొక్కా జేబులో వచ్చిన టీకా వేసినా వేయనట్టే.

ఇంకో మాట. కోళ్లు కునకడం మొదలెట్టాయని తెలియగానే బైకు మీద బుట్ట కట్టుకుని కొనేవాడు వస్తాడు. మూడొందల కోడికి డెబ్బై ఇస్తానంటాడు. పోయేదానికి ఏదో ఒకటి వస్తుందని ఇచ్చేస్తాం. ఆ బుట్ట పక్క ఊరికి మోసుకెళ్లేది రోగాన్నే.

పిల్లల రెట్టలో రక్తం

మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లల్లో, తడి ఊక మీద పెరుగుతుంటే, ముందుగా అనుమానించాల్సింది కాక్సిడియోసిస్ అనే పేగుల రోగం. పరాన్నజీవి గుడ్లు వెచ్చటి తడిలో ఒకటి రెండు రోజుల్లోనే అంటుకునే స్థితికి వస్తాయి. ఆంప్రోలియం పొడి నీళ్లలో కలిపి ఇస్తారు, మోతాదు డబ్బా మీద ఉన్నట్టే. ఆ రోజుల్లో బి విటమిన్ టానిక్ ఇవ్వకండి, మందు బలం తగ్గిపోతుంది. నీరసంగా ఉన్నాయని జాలిపడి ఆ రెండూ కలిపి ఇచ్చిన తప్పు నేనూ చేశాను. ఊక మార్చకుండా ఎంత మందు పోసినా మళ్లీ వస్తుంది.

చిన్నా చితకా కంగారులు

జుట్టు మీద, కళ్ల చుట్టూ గోధుమరంగు కాయలు లేస్తే మశూచి. ఊళ్లో అమ్మవారు అంటారు. వాన నీరు నిలిచి దోమలు పెరిగితే వస్తుంది. కాయలు గిల్లకండి, వేపనూనె పసుపు రాస్తే చాలు, మూడు నుంచి నాలుగు వారాల్లో రాలిపోతాయి. నోట్లో పసుపు పచ్చటి పొర కనిపిస్తే మాత్రం డాక్టర్ దగ్గరికే.

గుడ్లు ఆగిపోతే రోగం అనుకోకండి. డిసెంబరులో మనకు పగలు 11 గంటలే, గుడ్లు బాగా పెట్టడానికి 14 గంటల పైన వెలుతురు కావాలి. పైగా ఈకలు రాల్చే కాలం, తిన్నదంతా కొత్త ఈకలకే పోతుంది. వేరుశనగ చెక్కో ఎండు చేపల పొట్టో కాస్త కలపండి.

రాత్రుళ్లు గూట్లో కుదురుగా ఉండక గీరుకుంటుంటే రెక్కల కింద, తోక మొదట్లో పేలు చూడండి. నాలుగు రోజులుగా వాన పడుతుంటే కోడికి మట్టి స్నానం ఉండదు కదా. పాత టబ్బులో పొడి మట్టి, జల్లించిన పొయ్యి బూడిద కలిపి గూట్లోనే పెట్టండి.

తడిసిన మొక్కజొన్న, నూకలు ఎండబెట్టి పెట్టొద్దు. బూజు విషం ఎండతో పోదు, కాలేయాన్ని తింటుంది. పొడి జొన్నలు గాని మొక్కజొన్న గాని సాయంత్రం గూటికి చేరే ముందు వేయండి, అరుగుతూ రాత్రంతా ఒంటికి వేడినిస్తాయి.

ఒక్క రోజులో నాలుగైదు చనిపోయాయి

జుట్టు నీలంగా మారడం, ముఖం వాపు, కాళ్ల మీద ఎర్ర మచ్చలు, లేదా ఏ లక్షణమూ లేకుండానే వరుస చావులు. ఇది కొక్కెర తెగులైనా కావచ్చు, బర్డ్ ఫ్లూ అయినా కావచ్చు. చూసి తేల్చడం మన వల్ల కాదు, ల్యాబ్ పరీక్ష కావాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు కిలోమీటరు లోపల కోళ్లను చంపి పూడ్చారు. ఆ భయంతోనే చాలామంది చెప్పకుండా దాస్తారు. దాస్తే ముందు ప్రమాదం ఇంట్లో పిల్లలకే.

చనిపోయినదాన్ని కోయకండి, కాలవలో వేయకండి, కుక్కలకు వేయకండి. వెంటనే పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి గాని ఊరి పశువైద్యశాలకు గాని ఫోన్ చేయండి. వాళ్లు వచ్చే దాకా మిగతా కోళ్లను బయటికి వదలొద్దు. శాంపిల్ అక్కర్లేదని, పూడ్చేయమని వాళ్లు చెబితే ముక్కుకి గుడ్డ, చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, బావికి దూరంగా నాలుగడుగుల గొయ్యి తీసి, కింద పైన సున్నం చల్లి పూడ్చండి. తొడుక్కున్న సంచులు కూడా ఆ గోతిలోనే వేసి, చెప్పులు బ్లీచింగ్ నీళ్లలో ముంచి, చేతులు సబ్బుతో కడుక్కుని అప్పుడు ఇంట్లోకి రండి.